కరెంటు నుంచి మొదలుపెట్టండి: తక్కువ ఖర్చులో గేమింగ్ పీసీ పార్టులు ఎంచుకోవడం ఎలా?

ఇంటర్ పరీక్షలు అయిపోగానే మా బంధువుల పిల్లలు ఫోన్ చేసి అడిగే మొదటి మాట, "అన్నా, ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాలె?" నేను మాత్రం "మీ ఇంట్లో ఎర్తింగ్ ఉందా?" అని అడుగుతాను. నల్లగొండ పక్కన మా ఊళ్లో నేను పెట్టుకున్న మొదటి పీసీ ఒక సాయంత్రం ఠప్పుమని ఆగిపోయింది. బోరు మోటార్లన్నీ నడిచే వేళ వోల్టేజీ పడిపోతూ, మళ్లీ ఒక్కసారిగా లేస్తూ ఉండేది. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును పీసీ పార్టులకు సరిపడేలా మార్చి ఇచ్చే డబ్బా) కాలిపోయింది, పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది. అప్పటినుంచి ఎవరికి చెప్పినా ఈ వరుసలోనే చెబుతున్నాను.

1. గోడకున్న ప్లగ్గు చూడండి

పీసీ నడుస్తున్నప్పుడు క్యాబినెట్ ఇనుప భాగం మీద వేలు వెనకవైపు ఆనిస్తే సన్నగా జివ్వుమంటే ఎర్తింగ్ సరిగా లేనట్టే. ఇంట్లో ఇప్పటికే ఏదైనా పాత కంప్యూటర్ ఉంటే ఈ జివ్వుమనడం మీకు తెలిసే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో కొలిపించండి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య దాదాపు ఒకే వోల్టేజీ, అంటే 230 చుట్టుపక్కల రావాలి. ఎండాకాలంలో నేల ఎండిపోతే ఎర్తింగ్ బలహీనపడుతుంది కాబట్టి ఎర్త్ గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించి పీసీ నడపొద్దు.

2. ఏం ఆడతారో తేల్చుకోండి

వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి మాత్రమే ఆడేవాళ్లకు పెద్ద కార్డు అవసరం లేదు. కొత్తగా వచ్చే పెద్ద గేములు కావాలంటేనే కార్డు మీద డబ్బు పెట్టాలి. మానిటర్ 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ చాలు. దానికి మించి వెళ్తే కార్డు ఖర్చు కూడా పెరుగుతుంది.

3. కార్డుకు డబ్బు కేటాయించండి

మానిటర్ కాకుండా పీసీ బాక్సుకు 60 వేలు అనుకుంటే, అందులో మూడో వంతు నుంచి 40 శాతం దాకా కార్డుకే పోనివ్వండి. ఈ స్థాయిలో ఏఎండీ కంపెనీ కార్డు ఆర్‌ఎక్స్ 6600 మంచి బేరం. 8 జీబీ మెమరీ ఉంటుంది, 132 వాట్లతో నడుస్తుంది.

ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. ఎన్‌విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో 8 జీబీ కార్డూ ఉంది, 6 జీబీ కార్డూ ఉంది. తేడా మెమరీ ఒక్కటే కాదు. 6 జీబీ దాంట్లో కోర్లు (లెక్కలు చేసే భాగాలు) తక్కువ, మెమరీ బస్ (డేటా వెళ్లే దారి) 128 బిట్ నుంచి 96 బిట్‌కు తగ్గింది. కాబట్టి "3050 ఉంది తీస్కోండి" అనగానే తీసుకోకండి, డబ్బా మీద జీబీ చదవండి.

4. ప్రాసెసర్, బోర్డు జత కుదర్చండి

ఇంటెల్ ఐ3 12100ఎఫ్ లేదా రైజెన్ 5 5600 చాలు. మొదటిది నాలుగు కోర్లు, రెండోది ఆరు కోర్లు. నాకైతే 5600 మీదే మనసు. చివర్లో ఎఫ్ ఉందంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం, రైజెన్ 5600లో కూడా లేదు. కార్డు ఆరు నెలల తర్వాత కొంటామనేవాళ్లు 5600జి తీసుకోవాలి, లేకపోతే స్క్రీన్ మీద బొమ్మే రాదు. రైజెన్‌కు తీసుకునేది పాత స్టాక్ బీ450 బోర్డయితే బయోస్ (పీసీని మొదలుపెట్టించే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశారా అని అడగండి.

5. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

16 జీబీ ఒకే స్టిక్ కన్నా 8 జీబీవి రెండు మేలు. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి పాత ధరల వీడియోలు చూసి లెక్కలు వేయకండి. గేములు, ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈ రకం (ఎక్కువ వేగంతో నడిచేది), కనీసం 500 జీబీ.

6. ఎస్‌ఎంపీఎస్‌లో పిసినారితనం వద్దు

ప్రాసెసర్ 65 వాట్లు, కార్డు 132, మిగతావన్నీ కలిపి ఒక 50. గట్టిగా ఆడినా 260 దాటడం అరుదు. అయినా 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు (కరెంటు వృథా తక్కువని తెలిపే రేటింగ్) ఉన్న మంచి కంపెనీ 550 వాట్లది తీసుకోండి. మన దగ్గరి లో వోల్టేజీకి, ఎండకు ఆ ఊపిరి అవసరం. "500 వాట్స్" అని రాసి, చేతిలోకి తీసుకుంటే డబ్బా ఖాళీగా ఉన్నట్టు తేలిపోయేవి ముట్టుకోకండి.

యూపీఎస్ కూడా ఇందులో భాగమే. యూపీఎస్ మీద సామర్థ్యాన్ని వీఏల్లో రాస్తారు, అవి వాట్లు కావు. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే. మానిటర్‌తో కలిపి చూస్తే అది అంచున నిలబడ్డట్టు. 1000 వీఏ పెట్టుకుంటే కరెంటు పోయినా గేమ్ సేవ్ చేసుకుని నెమ్మదిగా ఆపుకోవచ్చు.

7. క్యాబినెట్

మా దగ్గర మే నెలలో 44 డిగ్రీలు మామూలే. ముందు భాగం అద్దం ఉన్న క్యాబినెట్ ఫొటోలో బాగుంటుంది, లోపల మాత్రం పొయ్యి. జాలీ ముందున్నది, డస్ట్ ఫిల్టర్ ఊడదీసి కడగగలిగేది చూడండి. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి. టేబుల్ అరలో తలుపేసి పెట్టొద్దు.

8. కొనేటప్పుడు

నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ షాపులుండే చినాయ్ ట్రేడ్ సెంటర్) దాదాపు వంద కిలోమీటర్లు. పొద్దున్నే బస్సెక్కితే నాలుగైదు షాపుల్లో ధర అడిగి సాయంత్రానికి తిరిగి రావచ్చు. మన ఊరి షాపులో వెయ్యి ఎక్కువైనా, వారంటీకి వాళ్లే పంపిస్తామంటే అక్కడే కొనడం మంచిదని నా అభిప్రాయం. ఎక్కడైనా సరే జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి. సెకండ్ హ్యాండ్ కార్డయితే షాపులోనే అరగంట గేమ్ నడిపించి చూశాకే డబ్బులివ్వండి.

ఇంటికొచ్చాక మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాకుండా కార్డుకు పెట్టండి, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయండి. తర్వాత మిట్టమధ్యాహ్నం ఒక గంట ఆడి కార్డు వేడి చూడండి. 85 డిగ్రీలు దాటుతుంటే క్యాబినెట్ పక్క డోరు తీసి మళ్లీ చూడండి. పది డిగ్రీలు తగ్గిందంటే కార్డు మంచిదే, లోపలికి గాలి చాలడం లేదు. ఇంకో ఫ్యాన్ వేయించండి.