పరిశోధన వ్యాసంలో అంకెలు చెప్పడం, వాటికి అర్థం చెప్పడం

పరిశోధన వ్యాసంలో దత్తాంశాన్ని తెలిపే వాక్యాన్నీ, దానికి అర్థం చెప్పే వాక్యాన్నీ విడివిడిగా రాయడం అలవాటు చేసుకోవాలి. మొదటిదాన్ని పాఠకుడు పట్టికతో సరిచూసుకుంటాడు, రెండోదాన్ని తర్కంతో పరీక్షిస్తాడు. రెండూ కలిసిపోతే ఏది లెక్కో ఏది అభిప్రాయమో తెలియదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యతనే తీసుకుందాం. జనగణన ప్రకారం అది 2001లో 60.47 శాతం, 2011లో 67.02 శాతం. స్త్రీలలో 50.43 నుంచి 59.15కు, పురుషులలో 70.32 నుంచి 74.88కు పెరిగింది. ఈ అంకెలతోపాటు, అవి విభజనకు ముందటి రాష్ట్రానివనీ, ఏడేళ్లు, ఆపై వయసువారికి మాత్రమే చెందినవనీ రాయాలి. ‘జనాభాలో 67 శాతం అక్షరాస్యులు’ అంటే తప్పవుతుంది. 2011 తాత్కాలిక లెక్కల్లో 67.66 శాతం అని ఉంది కాబట్టి, ఏ నివేదిక నుంచి తీసుకున్నారో కూడా చెప్పాలి. దీర్ఘకాలపు గ్రాఫు గీసేవారికి ఇంకో హెచ్చరిక: 1951, 1961, 1971 రేట్లు ఐదేళ్లు దాటినవారివి, 1981 నుంచి ఏడేళ్లు దాటినవారివి. ఈ తేడా చెప్పకుండా అన్నింటినీ ఒకే గీతలో కలపకూడదు.

తెలుగులో తరచుగా జరిగే పొరపాటు ‘శాతం’ అనే మాట దగ్గరే ఉంది. స్త్రీల అక్షరాస్యత 8.72 శాతం పెరిగిందని రాస్తే అది సరికాదు; పెరిగింది 8.72 శాతం పాయింట్లు, అంటే రెండు శాతాల మధ్య నేరుగా ఉన్న తేడా. 2001 నాటి రేటుతో పోలిస్తే ఆ పెరుగుదల సుమారు 17.3 శాతం. రెండూ నిజమే అయినా, పెద్దగా కనిపించే అంకెను ఎంచుకుని రెండోదాన్ని దాచడం పాఠకుణ్ణి తప్పుదారి పట్టించడమేనని నా అభిప్రాయం.

పట్టికలోని ప్రతి గడినీ వాక్యాల్లో మళ్లీ చెప్పనక్కరలేదు. ‘స్త్రీ పురుషుల మధ్య అంతరం 19.89 నుంచి 15.73 శాతం పాయింట్లకు తగ్గింది’ అని ముఖ్యమైన పోలికను ఎత్తి చూపితే చాలు.

అసలు కష్టం అర్థం చెప్పేటప్పుడు మొదలవుతుంది. అంతరం తగ్గిందని జనగణన చూపుతుంది గానీ, ఎందుకు తగ్గిందో చెప్పదు. ‘ప్రభుత్వ పథకాల వల్ల తగ్గింది’ అని రాసేముందు ఇతర కారణాలను పరిశీలించాలి: ఆ పదేళ్లలో చదువులేని వృద్ధులు కొందరు కన్నుమూశారు, బడికి వెళ్లిన పిల్లలు ఏడేళ్లు దాటి లెక్కలోకి వచ్చారు. పెద్దవాళ్లలో ఒక్కరు కూడా కొత్తగా అక్షరాలు నేర్వకపోయినా, ఈ మార్పు వల్లనే రేటు పెరగగలదు. వయసువారీ పట్టికలు చూడనిదే ఏ కారణం పాత్ర ఎంతో తేల్చలేం. అంతవరకు ‘కారణమైంది’ అనడానికి బదులు ‘తోడ్పడి ఉండవచ్చు’ అనడం న్యాయం. కానీ ‘ఉండవచ్చు’ను ప్రతి వాక్యానికీ తగిలిస్తే రచయిత దేన్ని గట్టిగా నమ్ముతున్నాడో తెలియకుండా పోతుంది. రేటు పెరిగిందనే మాటకు ఆ సంకోచం అవసరం లేదు.

‘గణనీయంగా’ అనే మాటను కూడా తూచి వాడాలి. కొందరిని మాత్రమే ఎంచుకుని అడిగే నమూనా సర్వేలో అది గణాంక పరీక్ష (కనిపించిన తేడా కేవలం యాదృచ్ఛికమేనా అని చూసే లెక్క) ఫలితమని పాఠకుడు అనుకునే అవకాశం ఉంది. ఆ అర్థంలోనైతే ఏ పరీక్ష చేశారో, ఫలితమేమిటో చెప్పాలి. కేవలం పెద్ద మార్పు అని చెప్పదలిస్తే ఆ అంకెనే రాయడం మేలు.

పరిమితులను చివరి పేరాలో దాచకుండా, అవి ప్రభావం చూపే వాదన పక్కనే పెట్టాలి. జనగణనలో ఏ భాషలోనైనా అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వచ్చినవారు అక్షరాస్యులు. ఆ సమాచారం చాలావరకు ఇంటివారు చెప్పినదే. అందువల్ల ఈ రేటును విద్యా నాణ్యతకు కొలమానంగా వాడుతున్న వాక్యం మీ వ్యాసంలో ఉంటే, ఈ సంగతి దాని వెంటనే రావాలి.