కొత్తగా కట్టిన ఇంజన్‌ని మొదటి ఇరవై నిమిషాలు ఐడిల్‌లో పెట్టకండి

పోయిన నెల ఒక ఆదివారం మిషిగన్‌లోని కాంటన్‌లో మా మిత్రుడి గ్యారేజ్‌కి వెళ్లాం. 1970 షెవర్లే (షెవీ) షెవెల్ కారు, 350 ఇంజన్. పిల్లలు పడుకున్నాక రాత్రుళ్లు కూర్చుని ఎనిమిది నెలలు కట్టాడు. వాల్వ్ కవర్‌కి పసుపు కుంకుమ పెట్టారు. ముందు టైర్ల కింద నిమ్మకాయలు, చుట్టూ ఐదారు ఫోన్లు. కీ తిప్పాడు. అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. కార్బురేటర్‌లోంచి ఫట్‌మని మంట. ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంపే డిస్ట్రిబ్యూటర్ పీకి, అటూ ఇటూ తిప్పి పెట్టి, అరనిమిషం చొప్పున సెల్ఫ్ కొడుతూనే ఉన్నాడు. చివరికి అందుకుంది. అందరూ చప్పట్లు. "అన్నా, కాసేపు ఐడిల్‌లో విననీ. ఈ సౌండ్ కోసమే కదా ఇదంతా" అన్నాడు. కాసేపు కాస్తా ఐదు నిమిషాలైంది. కార్బురేటర్ స్క్రూలు సరిచేస్తూ ఇంకో ఐదు.

నేనూ అక్కడే ఉన్నాను. ఒకసారి చెప్పాను కానీ గట్టిగా చెప్పలేదు. పండగ మూడ్‌లో ఉన్నవాణ్ని ఎందుకు కసరడం అనుకున్నా.

పది రోజులకు టకటకమని శబ్దం. వాల్వ్ కవర్ తీసి చేత్తో ఇంజన్ తిప్పితే వాల్వుని తెరిచే ఒక రాకర్ మిగతావాటిలో సగమే లేస్తోంది. దాన్ని కింది నుంచి తోసే లిఫ్టర్ బయటికి తీశాం. అడుగు అద్దంలా ఉండాలి. ప్రమిదలా గుంట పడింది. ఆయిల్ దింపితే వెండి పెయింట్ కలిపినట్టు మెరుస్తోంది. ఆ మెరుపంతా లిఫ్టర్లను లేపే క్యామ్, ఆ లిఫ్టర్లు అరిగి రాలిన ఇనుము. పంపు దాన్ని ఇంజన్ అంతా తిప్పింది, మెత్తటి బేరింగుల్లో దిగబడిపోయింది. ఎనిమిది నెలల పని మళ్లీ మొదటికొచ్చింది.

మిషిగన్‌లో రోడ్ల మీద ఉప్పు పడే రోజులొస్తున్నాయి. పాత బండ్లన్నీ లోపలికి వెళ్లిపోతాయి. వచ్చే ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర పాత కార్లన్నీ రోడ్డెక్కే ఉడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి తీసుకెళ్దామని, బోరుకొచ్చిన ఇంజన్లను దింపే పని చాలామంది ఈ చలికాలంలోనే మొదలుపెడతారు. మనవాళ్లలోనూ ఈ పిచ్చి ఉన్నవాళ్లు పెరుగుతున్నారు. టార్క్ రెంచ్ వాడండి, ఫొటోలు తీసుకోండి, బోల్టులు సంచుల్లో వేసి పేర్లు రాసుకోండి లాంటివి మీకు తెలుసు. అవి వదిలేస్తున్నా.

ఐడిల్‌లో ఏం జరుగుతుంది

ఇది ఫ్లాట్ టాపెట్ క్యామ్, అంటే చదును అడుగున్న లిఫ్టర్లు వాడే క్యామ్, ఉన్న ఇంజన్లకు. 1980ల మధ్య దాకా వచ్చిన షెవీ 350, ఫోర్డ్ 302 అన్నీ దాదాపు ఇవే. అడుగున చక్రం ఉండే రోలర్ లిఫ్టర్లు వేసుకుంటే ఈ గండం లేదు.

క్యామ్ లోబ్ (లిఫ్టర్‌ని లేపే గుడ్డు ఆకారపు భాగం) మీదికి ఆయిల్ నేరుగా వెళ్లే దారి లేదు. కింద క్రాంకు, కనెక్టింగ్ రాడ్లు తిరుగుతూ చిమ్మిన ఆయిలే దానికి దిక్కు. ఐడిల్‌లో ఆ చిమ్మడం బాగా తక్కువ. పైగా లిఫ్టర్ అడుగు చూడ్డానికి చదునే కానీ మధ్యలో వెంట్రుకవాసి ఉబ్బెత్తు. లోబ్ కూడా ఓ పక్కకు కాస్త వాలు. ఈ రెండింటి వల్ల లిఫ్టర్ పైకీ కిందికీ ఆడుతూనే తన చుట్టూ తాను తిరుగుతుంది. తిరిగితేనే అరుగుదల అన్ని వైపులా సమానంగా పడుతుంది. తిరగడం ఆగిందా, ఆకురాయితో రాసినట్టే. కొత్త చెప్పు కరిచినట్టు మొదట్లో ఈ రెండు ఇనుములూ ఒకదాన్నొకటి కరుస్తాయి. అవి సర్దుకునేది మొదటి ఇరవై నిమిషాల్లోనే. ఆ ఇరవై నిమిషాలూ ఇంజన్ 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎమ్ మధ్య తిరుగుతుండాలి. ముప్ఫై అయితే ఇంకా మంచిది.

మన బుద్ధి దీనికి ఒప్పుకోదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్ కట్టాక ఐడిల్‌లో పెట్టి టీకి వెళ్లే మేస్త్రీలను చూస్తూ పెరిగాను నేను. కొత్త బండిని నలభై దాటనివ్వని ఇళ్లు మనవి. కొత్తదాన్ని మెల్లగా, ముద్దుగా చూసుకోవాలన్నది ఒంట్లో ఉంది. ఇక్కడ ఆ ముద్దే దాన్ని చంపుతుంది. ఐడిల్‌లో పెట్టకండి.

లేత్ షాపు నుంచి వచ్చాక

సిలిండర్ల బోరు అంగుళంలో 30 వెయ్యో వంతులు పెంచి, హోనింగ్ చేసి (లోపలి గోడల్ని రాయితో సన్నగా రుద్ది), కవర్ చుట్టి ఇచ్చిన బ్లాకు చూడ్డానికి కొత్త స్టీలు గిన్నెలా ఉంటుంది. దాన్ని నమ్మకండి. హోనింగ్ రాయి నుంచి రాలిన పొడి గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. కిరోసిన్‌తో తుడిస్తే పోదు. వేడినీళ్లు, అంట్లు తోమే సబ్బు, బ్రష్షు. తర్వాత తెల్ల బట్టకు ఆయిల్ పూసి సిలిండర్ తుడవండి. బట్ట బూడిద రంగులోకి వస్తే మళ్లీ కడగండి. తెల్లగా వచ్చేదాకా కడగాలి. నాకు ఒకసారి నాలుగు కడుగులు పట్టాయి. ఆరబెట్టిన వెంటనే ఆయిల్ పూయకపోతే కళ్లముందే తుప్పు పడుతుంది.

ఆయిల్ దారుల్లోకి సన్నటి పొడుగు బ్రష్ పోనివ్వాలంటే ఆ దారుల్ని మూసిన ప్లగ్గులు తీయాలి. తీసినవన్నీ తిరిగి పెట్టారో లేదో లెక్క చూసుకోండి. షెవీ 350లో టైమింగ్ చైన్ వెనక మూడు, బ్లాకు వెనక మూడు, చివరి మెయిన్ క్యాప్ (క్రాంకుని పట్టి ఉంచేది) కింద కనపడకుండా ఒకటి. ముందున్నది ఒకటి మరిచిపోతే ప్రెషర్ నిలవదు. ఆ కనపడనిది మరిచిపోతే ఆయిల్ ఫిల్టర్‌లోంచి వెళ్లడం మానేస్తుంది.

మెయిన్ క్యాపులు, రాడ్ క్యాపులు ఎక్కడివక్కడే. ఒకదానిది ఒకదానికి పెట్టకూడదు. పిస్టన్ పై రింగు కొనల మధ్య గ్యాప్ బోరు ప్రతి అంగుళానికి 4 వెయ్యో వంతులు, అంటే నాలుగంగుళాల బోరున్న ఈ ఇంజన్‌కి 16. తక్కువైతే వేడికి రింగు కొనలు ఒకదానికొకటి తగిలి సిలిండర్‌ని గీస్తాయి. షెవీ హెడ్ బోల్టులు నీళ్ల దారిలోకి దిగుతాయి కాబట్టి మరలకు సీలెంట్ పూసే బిగించండి.

క్యామ్, లిఫ్టర్లు వేసేటప్పుడు

కొత్త క్యామ్‌కి కొత్త లిఫ్టర్లే. పాతవి బాగానే ఉన్నాయి కదా అనకండి. ప్రతి లిఫ్టర్‌నీ కాస్త ఆయిల్ రాసి దాని రంధ్రంలో వదలండి. సొంత బరువుకి జారి, వేలితో తిప్పితే తిరగాలి. బిగుసుకుంటే ఎందుకో తేల్చకుండా ముందుకెళ్లొద్దు. లోబ్ మీదా లిఫ్టర్ అడుగునా క్యామ్‌తో వచ్చే నల్ల పేస్టు పూయండి.

వాల్వ్ స్ప్రింగు లోపల ఇంకో స్ప్రింగు ఉన్న హెడ్డయితే, మొదటి స్టార్టుకి లోపలి స్ప్రింగులు తీసేయండి. మళ్లీ పెట్టడం పెద్ద పనే. క్యామ్ మార్చడం ఇంకా పెద్ద పని.

ఆయిల్ బ్రేక్-ఇన్ కోసం, అంటే కొత్త ఇంజన్‌ని మొదట సర్దుకోనివ్వడానికి, అమ్మేదే పోయండి. ఆ పాత రోజుల ఆయిల్‌లో జింకు, ఫాస్ఫరస్ బాగా ఉండేవి. ఇనుము మీద ఇనుము రాపిడిని ఆపేది అవే. బండి పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు పాడవుతాయని వాటిని తగ్గిస్తూ వచ్చారు. 2004లో వచ్చిన ప్రమాణంలో మామూలు గ్రేడ్లకు ఫాస్ఫరస్ 0.08 శాతం దాటకూడదన్నారు. మీ క్యామ్రీలో పోసే సింథటిక్ ఎంత ఖరీదైనదైనా ఈ ఇంజన్ మొదటి స్టార్టుకి వద్దు.

కీ తిప్పే ముందు

పనంతా ఇక్కడుంది. ఇంజన్ మొదటి నాలుగైదు సెకన్లలో అందుకోవాలి, అందుకున్న వెంటనే 2,000కి వెళ్లాలి, ఇరవై నిమిషాలు ఆగకూడదు. దీనికి అడ్డొచ్చే ప్రతిదీ ముందే తీసేయాలి.

డిస్ట్రిబ్యూటర్ పెట్టకముందు, స్టార్ట్ చేయకుండానే ఆయిల్ ఎక్కించే ప్రైమింగ్ రాడ్డును డ్రిల్‌కి తగిలించి ఆయిల్ పంపు తిప్పండి. షెవీకి గడియారం తిరిగే వైపు, ఫోర్డ్ 302కి ఎదురు వైపు. షెవీలో డిస్ట్రిబ్యూటర్ ఒళ్లే ఒక ఆయిల్ దారిని మూస్తుంది, కాబట్టి ఉత్త స్క్రూడ్రైవర్ ముక్క చాలదు, ఆ దారిని మూసే స్లీవ్ ఉన్న రాడ్డే కావాలి. ఒకరు డ్రిల్ పట్టుకుంటే ఇంకొకరు క్రాంకును పానాతో పావు తిప్పు చొప్పున తిప్పాలి. పదహారు రాకర్ల దగ్గరా ఆయిల్ కారాలి. పదిహేను చాలవు.

టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం. క్రాంకు పుల్లీ మీది సున్నా గుర్తు ఒక సైకిల్‌లో రెండుసార్లు వస్తుంది. ఒకటి కంప్రెషన్‌లో, ఒకటి ఎగ్జాస్ట్‌లో. మా మిత్రుడు రెండోదాని మీద డిస్ట్రిబ్యూటర్ పెట్టాడు. ఆ మంట అందుకే, ఆ అరనిమిషాల సెల్ఫ్ అందుకే. అంతసేపు సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరిగేది ఐడిల్ కంటే నెమ్మదిగా. పూసిన పేస్టంతా గీక్కుపోతుంది. అంటే ఐడిల్‌లో పెట్టకముందే సగం నష్టం జరిగిపోయింది. ఒకటో నంబర్ ప్లగ్ తీసి బొటనవేలు పెట్టండి. గాలి వేలిని తోసిందా, అప్పుడు గుర్తును సున్నాకి తెచ్చి, నిప్పురవ్వ దానికి 10-12 డిగ్రీల ముందే పడేలా డిస్ట్రిబ్యూటర్ పెట్టుకోండి. షెవీలో ప్లగ్గులు వెలిగే ఆర్డర్ 1-8-4-3-6-5-7-2. మాస్కింగ్ టేపు మీద రాసి కళ్లెదురుగా అంటించుకోండి, ఆ టైంలో టెన్షన్‌కి ఏదీ గుర్తుండదు.

కార్బురేటర్ గిన్నెలు ముందే పెట్రోల్‌తో నింపండి, గొట్టంలోంచి, ఇంజన్ ఆగి ఉండగా, చిన్న సీసాతో. ఎండిపోయిన కార్బురేటర్ నిండేదాకా సెల్ఫ్ కొట్టడమంటే పేస్టు గీకడమే.

రేడియేటర్ పూర్తిగా నింపండి. థర్మోస్టాట్‌కి చిన్న రంధ్రం వేస్తే గాలి ఇరుక్కోదు. బండి కదలదు కాబట్టి ముందు పెద్ద ఫ్యాన్ పెట్టండి. డాష్‌బోర్డ్ లైటుని నమ్మకండి, అసలైన ప్రెషర్ గేజ్ తగిలించండి.

ఇద్దరుండాలి. ఒకరి చెయ్యి త్రాటిల్ మీద, ఒకరి కళ్లు గేజ్ మీద.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను.

సెల్ఫ్ పది సెకన్లలో అందుకోకపోతే ఆపేయండి. కారణం వెతకండి. ఇంకొక్కసారి చూద్దాం అనొద్దు.

అందుకోగానే 2,000. టైమింగ్ లైట్‌తో సరిచూసుకోవడం తర్వాత. ఐడిల్ స్క్రూ అసలే వద్దు.

ఒకే ఆర్‌పీఎమ్ దగ్గర బిగించి కూర్చోకండి. మెల్లగా పెంచుతూ తగ్గిస్తూ ఉండండి, చిమ్మే ఆయిల్ అన్ని చోట్లా పడుతుంది. 2,000 కిందికి మాత్రం రానివ్వొద్దు.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎర్రబడుతోందా, టైమింగ్ వెనకబడింది. డిస్ట్రిబ్యూటర్ కాస్త ముందుకు తిప్పండి. ఆర్‌పీఎమ్ తగ్గించొద్దు.

నీళ్లు కారుతున్నాయా, ఆయిల్ కారుతోందా, ప్రెషర్ పడిపోయిందా? కీ ఆపేయండి. ఐడిల్‌కి తెచ్చి వంగి చూడకండి. ఆపి, బాగుచేసి, మళ్లీ స్టార్ట్ చేసి నేరుగా 2,000కి వెళ్లండి. ఇరవై నిమిషాలను రెండు ముక్కలు చేసుకున్నా తప్పులేదు. మధ్యలో ఐడిల్ తప్పు.

సెల్ఫ్ తిరుగుతుండగా కార్బురేటర్‌లో చేత్తో పెట్రోల్ పోయొద్దు. ఎవరు చెప్పినా పోయొద్దు. ఒక్క బ్యాక్‌ఫైర్‌కి చేతిలో సీసా అంటుకుంటుంది.

మంట ఆర్పే సిలిండర్ గోడకి కాదు, కాలి దగ్గర.

గ్యారేజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే పైలట్ మంట ఆర్పేయండి.

తలుపు పూర్తిగా ఎత్తండి. బయట మైనస్ పది అని అడుగు ఎత్తి వదిలేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, పైన గదిలో పిల్లలు పడుకుని ఉంటారు.

లుంగీతో రావొద్దు. హుడీ తాళ్లు లోపల దోపండి. ఉంగరం, కడియం, మెడలో గొలుసు తీసి ఇంట్లో పెట్టండి.

ఇంజన్ ఎత్తే హాయిస్ట్ మీద రెండు టన్నులని రాసి ఉంటుంది. అది హాయిస్ట్ చెయ్యి లోపలికి ఉన్నప్పటి మాట. పూర్తిగా బయటికి లాగితే అరటన్ను. ఇనుప హెడ్లున్న 350 బరువు 260 కిలోలు. గొలుసుకి వేలాడుతుండగా కింద చెయ్యి పెట్టొద్దు, బోల్టు పడిపోయినా సరే.

ఇరవై నిమిషాలయ్యాక ఆపి, చల్లారనిచ్చి, ఆయిల్ దింపి, ఫిల్టర్ కోయండి. కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి, అయస్కాంతం ఆనించండి. కాస్త నల్లటి పేస్టు మామూలే. మెరిసే పొలుసులుంటే బండి నడపకండి, వాల్వ్ కవర్లు తీయండి.

కొబ్బరికాయ కొట్టాలంటే కీ తిప్పకముందే కొట్టేయండి. అందుకోగానే "ఒక్క నిమిషం సౌండ్ విననీ" అన్నవాళ్లను, మీ తమ్ముడైనా సరే, బయటికి పంపి అరగంట తర్వాత రమ్మనండి.