విశాఖ నుంచి హైకోర్టుకు: రిట్ ఎలా వేయాలి, దాన్ని వినే జడ్జీలు ఎలా వస్తారు

రోడ్డు విస్తరణకు మద్దిలపాలెంలో మీ ఇంటి ముందుభాగం కూల్చేస్తామని, వారం గడువు పెట్టి కార్పొరేషన్ నోటీసు అంటించిందనుకుందాం. జిల్లా కోర్టుకా, అమరావతి నేలపాడులోని హైకోర్టుకా అని తేల్చుకోవడంలోనే చాలామందికి సగం వారం గడిచిపోతుంది. చూడాల్సింది అవతలి పక్షం ఎవరన్నది. ప్రభుత్వం, కార్పొరేషన్, తహసీల్దారు, పోలీసు చట్టం దాటి నడిస్తే రాజ్యాంగం 226వ అధికరణం కింద నేరుగా హైకోర్టులో రిట్ (అధికారుల చర్యను ఆపమనో, చేయాల్సింది చేయించమనో కోరే పిటిషన్) వేయవచ్చు. పక్కింటాయన గోడ జరిపాడు, అన్నదమ్ములు వాటా ఇవ్వలేదు అంటే అది విశాఖ సివిల్ కోర్టులో తేలాల్సిన తగువు. దాన్ని రిట్‌గా మలిచి వేస్తే కొట్టేస్తారు, ఈలోగా ఇక్కడ ఇంజంక్షన్ తెచ్చుకోవాల్సిన సమయం పోతుంది.

ఆ ఉత్తర్వు మీద పై అధికారికి అప్పీలు చేసుకునే వీలు చట్టంలోనే ఉంటే, ముందు అక్కడికి వెళ్లలేదేమని జడ్జి అడుగుతారు. మీ వాదన వినకుండా ఉత్తర్వు ఇచ్చారనో, ఆ అధికారికి అసలు ఆ అధికారమే లేదనో ఉంటే ఆ అడ్డు తొలగుతుంది. ఆ సంగతి అఫిడవిట్‌లో ప్రత్యేకంగా ఒక పేరా రాయాలి.

రైలెక్కే ముందు విశాఖలో చేయాల్సిన పని ఒకటుంది. నోటీసుకు జవాబు రాసి, కార్పొరేషన్ ఆఫీసు ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయబోమని వాళ్లంటే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అడిగినా పట్టించుకోలేదని చూపించే కాగితం లేకపోతే, అధికారి చేయాల్సిన పని చేయించమని అడిగే మాండమస్ రిట్ మొదటి రోజే బలహీనపడుతుంది.

కేసు ఇప్పటికే జిల్లా కోర్టులో తేలిపోయి ఉంటే దారి వేరు. సివిల్ డిక్రీ మీద హైకోర్టుకు అప్పీలు గడువు 90 రోజులు. సెషన్స్ కోర్టు వేసిన శిక్ష మీద 60 రోజులు, మరణశిక్ష అయితే 30. తీర్పు చెప్పిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. కాపీ తయారవడానికి పట్టిన రోజులు గడువులోంచి మినహాయిస్తారు, మీరు దరఖాస్తు పెట్టకుండా గడిపిన రోజులు మాత్రం మినహాయించరు. గెలిచినవారు చేయాల్సిందీ ఉంది: వెంటనే హైకోర్టులో కేవియట్ వేసుకుంటే, మీకు చెప్పకుండా అవతలివారు స్టే తెచ్చుకోలేరు. అది 90 రోజులే పనిచేస్తుంది, తరవాత మళ్లీ వేయాలి.

ఇక రిట్ కాగితాలు. ఎక్కువ ఫైళ్లు వెనక్కి వచ్చేది ఇక్కడే.

అఫిడవిట్ ప్రతి పేజీ మీదా మీ సంతకం ఉండాలి, అటెస్ట్ చేసేవారి సంతకం ఉండాలి, పేజీ అడుగున ఆ పేజీలో ఎన్ని దిద్దుబాట్లున్నాయో రాయాలి. ఖాళీ అఫిడవిట్ మీద విశాఖలో సంతకం పెట్టి పంపేసి, మిగతాది అక్కడ నింపుతారులే అనుకోవడం ప్రమాదం. ప్రమాణం చేసి చెప్పిన మాటకు బాధ్యత మీది, రాసినవారిది కాదు. ఇదే ఉపశమనం కోసం ఇంకెక్కడా కేసు వేయలేదని అందులో చెప్పాలి. వేసి ఉంటే దాచకండి. నిజం దాచారని తేలితే, కేసులో బలమున్నా రిట్ కొట్టేస్తారు.

ప్రతివాదుల్లో రాష్ట్ర ప్రభుత్వం తరఫున పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శి, కార్పొరేషన్ తరఫున కమిషనర్, నోటీసు మీద సంతకం పెట్టిన జోనల్ అధికారి ఉండాలి. అధికారులను పేరుతో కాదు, హోదాతో చేర్చాలి. ఒకే అధికారి కావాలని కక్ష కట్టాడన్నది మీ ఆరోపణ అయితే అప్పుడు మాత్రం పేరుతోనూ చేర్చాలి.

నోటీసు, పన్ను రసీదులు, ప్లాన్ మంజూరు, దస్తావేజు, ఫొటోలు మెటీరియల్ పేపర్స్‌గా వెళ్తాయి. తేదీల వరుసలో పేర్చి, పేజీ నంబర్లతో ఇండెక్స్ పెట్టండి. మసకబారిన జిరాక్స్ అయితే టైపు చేసిన ప్రతి జతచేయాలి. తెలుగు దస్తావేజులకు ఇంగ్లీషు అనువాదం కావాలి. హైకోర్టు భాష ఇంగ్లీషు కావడం ఒక కారణం. ప్రధాన న్యాయమూర్తి సాధారణంగా వేరే రాష్ట్రం నుంచి వస్తారు, తెలుగు చదవలేకపోవచ్చు. దస్తావేజులో కీలకమైన వాక్యం ఒక్కటే అయినా దాని అనువాదం నిర్దుష్టంగా ఉండాలి.

ప్రభుత్వ ప్లీడర్‌కూ, కార్పొరేషన్ తరఫు వకీలైన స్టాండింగ్ కౌన్సిల్‌కూ ముందే కాపీలు అందజేసి ఫైలు చేస్తే మొదట ఎస్సార్ నంబరు అనే తాత్కాలిక నంబరు పడుతుంది. స్క్రూటినీలో అభ్యంతరాలొస్తే సరిచేసి మళ్లీ వేయాలి. ఆ తరవాతే రిట్ పిటిషన్ నంబరు, దానితో ఏపీహెచ్‌సీ01తో మొదలయ్యే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు వస్తాయి. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే తేదీలు, ఉత్తర్వులు మీ ఫోన్లోనే చూసుకోవచ్చు. తెల్లారితే కూల్చివేత అంటే వకీలు ఉదయాన్నే జడ్జికి చెప్పి (మెన్షన్ చేసి), అదే రోజు మధ్యాహ్నం వినమని లంచ్ మోషన్ అడుగుతారు. సెలవు రోజైతే, కోర్టు లేకపోయినా వినమని అడిగే హౌస్ మోషన్. అత్యవసరమని చూపడానికి నోటీసు మీది గడువే ఆధారం, కాబట్టి నోటీసు ఎప్పుడు ఎలా చేతికందిందో రుజువు ఉండాలి.

వకీలు ఫీజు భరించలేనివారు విశాఖ జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా 15100కి ఫోన్ చేయాలి. మహిళలు, ఎస్సీలు, ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేదు.

మీ ఫైలు ఏ జడ్జి వినాలన్నది మీ చేతిలో లేదు, మీ వకీలు చేతిలోనూ లేదు. ఏ సబ్జెక్టు ఎవరిదో ప్రధాన న్యాయమూర్తి రోస్టర్ వేస్తారు. మునిసిపల్ రిట్లు సాధారణంగా ఒక్క జడ్జే వింటారు, దాని మీద అప్పీలు ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచికి 30 రోజుల్లో వెళ్తుంది. రోస్టర్ మారితే మీ కేసు ఇంకో జడ్జి దగ్గరికి పోతుంది, పాత జడ్జికి నోటితో చెప్పిందేదీ కొత్తవారికి తెలియదు. ఫైల్లో ఉన్నదే మిగులుతుంది. కాగితాల గురించి ఇంత పట్టుబట్టేది ఇందుకే.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మంజూరైన జడ్జి పోస్టులు 37. శాశ్వత జడ్జీలు 28, అదనపు జడ్జీలు 9. ఈ పోస్టులకు పరీక్ష ఉండదు, దరఖాస్తూ ఉండదు. 217వ అధికరణం అడిగేది భారత పౌరసత్వం, హైకోర్టు అడ్వకేటుగా గానీ న్యాయాధికారిగా గానీ 10 ఏళ్లు. ఆనవాయితీగా మూడింట రెండు వంతులు బార్ నుంచి, అంటే న్యాయవాదుల్లోంచి, ఒక వంతు జిల్లా జడ్జీల నుంచి తీసుకుంటారు. విశాఖలో జిల్లా జడ్జిగా పనిచేసినవారు హైకోర్టు బెంచికి చేరే దారి ఈ రెండోది.

పేర్లు ప్రతిపాదించేది హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్ జడ్జీలతో కూడిన కొలీజియం. ఖాళీ రావడానికి 6 నెలల ముందే ఆ పని మొదలవ్వాలని జడ్జీల నియామక విధానపత్రం చెబుతుంది. ముఖ్యమంత్రి, గవర్నర్ అభిప్రాయానికి 6 వారాలు. ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదిక జతై కేంద్ర న్యాయశాఖ ద్వారా సుప్రీంకోర్టుకు వెళ్తే, భారత ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్ జడ్జీలు పరిశీలిస్తారు. వారు ఒప్పుకున్నాక రాష్ట్రపతి సంతకం, గెజిట్ ప్రకటన, గవర్నర్ ముందు ప్రమాణం. అదనపు జడ్జికి గరిష్ఠంగా రెండేళ్ల కాలపరిమితి, అందరికీ 62 ఏళ్లకు విరమణ.

ఈ పద్ధతి రాజ్యాంగంలో రాసి లేదు, 1993, 1998 సుప్రీంకోర్టు తీర్పుల్లోంచి వచ్చింది. దీని స్థానంలో పార్లమెంటు తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు కొట్టేసింది. కొలీజియం రెండోసారి అదే పేరు పంపితే కేంద్రం నియమించాల్సిందే, కానీ ఫైలు అక్కడే ఆగిపోతూ ఉంటుంది. అందుకే 2021 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ప్రతి మెట్టుకూ వారాల లెక్కన గడువు చెప్పింది. అయినా ఆలస్యాలు ఆగలేదు, ఖాళీలు మిగిలినంతకాలం తుది విచారణకు రావాల్సిన పాత రిట్లు వెనక్కి జరుగుతూనే ఉంటాయి. సిఫారసుల తీర్మానాలు సుప్రీంకోర్టు వెబ్‌సైట్లో ఉంటాయి. ఎవరు వస్తున్నారో అక్కడ చూసుకోవచ్చు.

విశాఖలో హైకోర్టు బెంచ్ కావాలని ఇక్కడి న్యాయవాదులు అడుగుతున్నది న్యాయమైన కోరిక. వాయిదాకు వెళ్లిరావాలంటే విజయవాడకే రైల్లో దాదాపు 350 కిలోమీటర్లు. రాష్ట్ర పునర్విభజన చట్టం 31వ సెక్షన్ ప్రకారం గవర్నర్ ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి వేరే చోట కూడా జడ్జీలను కూర్చోబెట్టవచ్చు.

స్టే వస్తే వకీలు చేత ‘సీసీ టుడే’ (ఉత్తర్వు కాపీ ఆ రోజే ఇవ్వమని) అడిగించి, ఆ కాపీని మీరే తెచ్చి జోనల్ ఆఫీసులో అందజేసి అక్నాలెడ్జిమెంట్ తీసుకోండి. కోర్టు పంపే ప్రతి వచ్చేలోపే జేసీబీ రావచ్చు. అవతలివారి వాదన వినకుండా ఇచ్చిన స్టే మీద వారు దాన్ని ఎత్తేయమని వెకేట్ పిటిషన్ వేసి మీకు కాపీ ఇస్తే, దాన్ని రెండు వారాల్లో తేల్చకపోతే స్టే దానంతటదే పోతుందని 226వ అధికరణంలోనే ఉంది, కాబట్టి దానికి జవాబు (కౌంటర్) వెంటనే వేయించండి. ఉత్తర్వు అందాక కూడా కూలిస్తే కోర్టు ధిక్కార కేసు వేయవచ్చు. దానికి గడువు ఉల్లంఘన జరిగిన రోజు నుంచి ఒక ఏడాది, రుజువు ఆ అక్నాలెడ్జిమెంటే.