కోళ్ల డ్రెస్సింగ్ యూనిట్‌కు ఫుడ్ లైసెన్స్: యంత్రాల జాబితా దగ్గరే అసలు చిక్కు

కోళ్లను కోసి, యంత్రాల మీద శుభ్రం చేసి అమ్మే యూనిట్‌కు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రతను చూసే సంస్థ) వారి ఆన్‌లైన్ లైసెన్స్ పోర్టల్ ఫోస్కోస్‌లో దరఖాస్తు చేయాలి. రోజుకు 50 కోళ్ల వరకు రిజిస్ట్రేషన్ చాలు. 50 దాటి 1000 వరకు రాష్ట్ర లైసెన్స్, ఆపైన కేంద్ర లైసెన్స్.

ఈ సంఖ్యను అంచనాగా వేయకండి. లైన్‌లో అన్నిటికన్నా నెమ్మదిగా నడిచే యంత్రాన్ని పట్టి లెక్క కట్టండి. వేడినీళ్ల స్కాల్డర్ గంటకు 450 కోళ్లను ముంచగలిగినా, ప్లక్కర్ 300 కోళ్ల ఈకలే పీకితే లైన్ సామర్థ్యం 300. నాలుగు గంటలు నడిపితే 1200, అంటే కేంద్ర లైసెన్సే. ఫారంలో 800 అని వేసి, దానికి జతచేసే యంత్రాల జాబితాలో ఇలా చూపిస్తే అధికారి అడగక మానరు. మూడు గంటలే నడిపేటట్టయితే ఆ మాట జాబితాలోనే రాయండి.

జాబితాలో ప్రతి యంత్రానికీ ఎన్ని ఉన్నాయో, సామర్థ్యం ఎంతో, హార్స్‌పవర్ ఎంతో ఉండాలి. అమ్మినవాళ్ల కరపత్రం చూసి కాదు, మోటారు నేమ్‌ప్లేట్ చూసి రాయండి. దాని మీద కిలోవాట్లు ఉంటే 0.746తో భాగించాలి: 1.5 కిలోవాట్లు అంటే సుమారు 2 హెచ్‌పీ. కోసిన కోడిని తలకిందులుగా ఉంచి రక్తం కారనిచ్చే కోన్లకూ, పేగులు తీసే బల్లకూ మోటారు లేదని వదిలేస్తుంటారు; అవీ రాయాలి.

కొలతలతో లేఅవుట్ ప్లాన్ జతచేయాలి. కోత, స్కాల్డర్, ప్లక్కర్ ఒక గదిలో; పేగులు తీయడం, కడగడం, మాంసాన్ని చల్లబరిచే చిల్లర్, ప్యాకింగ్ వేరే గదిలో. ప్లక్కర్ తిరిగేటప్పుడు ఈకలూ రెట్టా తుంపర్లుగా ఎగిరి పక్కనున్న మాంసం మీద పడతాయి. అందుకే మధ్యలో గోడ, కోడి మాత్రం దాటేంత కిటికీ చూపించండి.

తాగునీటి పరీక్ష నివేదిక, స్థలం పత్రాలు, స్థానిక సంస్థ ఎన్‌ఓసీ, ఆహార భద్రత ప్రణాళిక మామూలే. రక్తం కలిసిన మురుగునీటికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి విడిగా తెచ్చుకోవాలి.

తనిఖీకి ముందు ప్లక్కర్ రబ్బరు వేళ్లు చూసుకోండి. పగుళ్లుంటే మార్చేయండి, ఆ సందుల్లో మురికి కడిగినా పోదు. స్కాల్డర్‌కు థర్మామీటర్ ఉండాలి. నీళ్లు 60 డిగ్రీలు బాగా దాటితే చర్మం ఉడికి, ప్లక్కర్‌లో చిరుగుతుంది. చిల్లర్ నుంచి బయటికొచ్చే మాంసం 4 డిగ్రీలకు దిగాలి.

పోర్టల్‌లో ప్రశ్న వస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి, లేకుంటే దరఖాస్తు తిరస్కరిస్తారు. ఎస్‌ఎంఎస్ కోసం ఎదురుచూడకుండా వారానికోసారి లాగిన్ అయి చూసుకోండి.