టమాట ఒరుగులకు బూజు రాకుండా

రోహిణి కార్తె ఎండలకు మా హన్మకొండ డాబా మీద టమాట ముక్కలు గలగలలాడేలా ఎండుతాయి. అయినా మృగశిర వానలు మొదలయ్యాయంటే సీసా మూత లోపల చెమ్మ, ఆ వెనకే తెల్లటి బూజు. ఉప్పు తక్కువైందని పక్కింటి వదిన అన్నది. అసలు కారణం వేరే. టమాటలో సుమారు 94 శాతం నీళ్లే, పైగా ముక్కలన్నీ ఒకేలా ఎండవు. మందపాటి ముక్క పైకి ఎండినట్టే ఉండి లోపల తడి దాచుకుంటుంది. మూసిన సీసాలో ఆ తడి మిగతా వాటికీ పాకుతుంది.

ఇప్పుడు పలచగా, ఒకే మందంతో కోసి, ఉప్పు పట్టించి, తెల్ల పంచె మీద పరిచి, పైన దోమతెర కప్పుతున్నా. పొద్దుగూకగానే లోపలికి తెస్తా, లేకుంటే రాత్రి గాలికి మళ్లీ మెత్తబడతాయి. అసలు మార్పు ఆ తర్వాతే ఉంది. పూర్తిగా చల్లారిన ఒరుగులను గాజు సీసాలో మూడింట రెండు వంతులే నింపి, మూత బిగించి, వారం పది రోజులు రోజుకోసారి బాగా కుదుపుతా. గాజుకు చెమ్మ పడితే మళ్లీ ఎండలోకే. ఇట్లా చూసుకున్న సీసాలు ముసురు పట్టినా చెక్కుచెదరలేదు. బూజు వచ్చిన సీసాను మాత్రం మొత్తం పారేయండి, పైది తీసేసి తినొద్దు. ఆరుబయట ఎండినప్పుడు చేరిన పురుగు గుడ్లు చావాలంటే ఒరుగులను మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో 48 గంటలు ఉంచాలి.

గుజ్జును సీసాల్లో కాచి నిల్వ చేసేవాళ్లు అరలీటరుకు ఒక టేబుల్ స్పూన్ బాటిళ్లలో అమ్మే నిమ్మరసం తప్పకుండా కలపండి. కొన్ని టమాటల పీహెచ్ (పులుపు కొలత; అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) 4.6 దాటుతుంది; అక్కడ బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషం పుట్టే ప్రమాదం ఉంది, దాన్ని వాసనతో పసిగట్టలేం.