కురుసుర కన్నా ముందు విశాఖ మ్యూజియం

ఆర్కే బీచ్‌కి వెళ్లినవాళ్లు చాలామంది నేరుగా కురుసుర జలాంతర్గామి దగ్గర లైన్లో నిలబడతారు. ముందు బీచ్ రోడ్డులోనే ఉన్న విశాఖ మ్యూజియం చూడండి. పాత డచ్చి బంగళా అది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద బాంబులు వేశాయి కదా, పేలకుండా మిగిలిన బాంబు ఒకటి అక్కడుంది. దాని ముందు కాసేపు ఆగండి. యుద్ధం మన గడప దాకా వచ్చిందని అప్పుడు తెలుస్తుంది, నాకైతే ఒళ్లు జలదరించింది.

తర్వాత కురుసుర. లోపల గుండ్రటి తలుపుల్లోంచి తల వంచి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కష్టమే. చీర కన్నా చుడీదార్ నయం. సోమవారం మాత్రం వెళ్లకండి, మూసేస్తారు.