ఎడిటర్ మారిన ప్రతిసారీ ఫైలంతా ఎర్రగా, పచ్చగా

కోడ్ రాసుకునే ఎడిటర్లలో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌తో మొదలెట్టాను. అక్కణ్ణించి సబ్లైమ్ టెక్స్ట్, తర్వాత ఆటమ్. 2022 డిసెంబరులో ఆటమ్ ఆగిపోయాక వీఎస్ కోడ్‌లో దిగాను. సర్వర్‌లో పని పడితే విమ్ ఎలాగూ తప్పదు. (మొదటిసారి విమ్‌లోంచి బయటపడటం తెలీక టెర్మినలే మూసేశాను.)

షార్ట్‌కట్లు కొన్నాళ్లకి చేతికి వచ్చేస్తాయి. నన్ను ఏడిపించింది వేరే. కోడ్‌లో మార్పుల్ని గుర్తుపెట్టుకునే గిట్‌లో, పాత లైన్లు ఎర్రగా, కొత్తవి పచ్చగా చూపించేది డిఫ్. ఒక్క లైను దిద్దితే ఆ డిఫ్‌లో ఫైలంతా మారినట్టు కనిపించేది. లైను చివరి ఖాళీలు పట్టించుకోవద్దని డిఫ్‌కి చెప్పి చూస్తే ఆ ఒక్క లైనే మిగిలింది. అప్పుడు వెలిగింది: నా సెట్టింగుల ప్రకారం ఒక ఎడిటర్ లైను చివర సీఆర్ఎల్ఎఫ్ పెడుతోంది, ఇంకోటి ఎల్ఎఫ్ (లైను ముగిసిందని చెప్పే, కంటికి కనపడని గుర్తులివి).

ప్రాజెక్టు పై ఫోల్డర్‌లో ఎడిటర్లకి ఉమ్మడి సెట్టింగులు చెప్పే 'డాట్ ఎడిటర్‌కాన్ఫిగ్' ఫైలు పెట్టి, లైను చివర ఎల్ఎఫ్, ఇండెంట్‌కి (లైను మొదట్లో వదిలే ఖాళీకి) 4 స్పేసులు అని రాశాను. వీఎస్ కోడ్‌లో ఇది పనిచేయాలంటే ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి, ఇది తెలీక ఒక పూట పోయింది. గిట్ చదివే సెట్టింగుల ఫైలు 'డాట్ గిట్‌ఆట్రిబ్యూట్స్'లోనూ ఎల్ఎఫ్ అనే చెప్పి, పాత ఫైళ్లూ దానికి తగ్గట్టు మారేలా గిట్ యాడ్ కమాండ్‌ని రీనార్మలైజ్ ఆప్షన్‌తో ఒకసారి నడిపాను. ఆ మార్పులు బారెడు వచ్చాయి, అందుకే విడిగా కమిట్ చేశాను, అంటే గిట్‌లో వేరే మార్పుగా భద్రపరిచాను. ఇప్పుడు ఏ ఎడిటర్‌లో దిద్దినా డిఫ్‌లో నేను ముట్టుకున్న లైన్లే ఉంటున్నాయి.